నిండుకున్న బియ్యం

వకోవా,
25 ఫిబ్రవరి 1968

చిరంజీవి వసంతికి మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు, మీ అమ్మ దగ్గు తగ్గడం లేదు, తక్కినదంతా క్షేమం. లండన్ ఆసుపత్రిలో నర్సు పని అలవాటైందన్నావు, సంతోషం. అక్కడివాళ్లకు బంగాళాదుంప తప్ప మరేదీ వండడం రాదని రాశావు. దొరల గురించి నేను అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఊహించలేదు.

వచ్చే నెల మన దీవికి స్వాతంత్ర్యం వచ్చే రోజున తెలుగు సంఘం కప్పే శాలువాను ఎందుకు వద్దన్నావని అడిగావు. సంఘం పెద్ద అప్పలస్వామి నీదాకా మోశాడన్నమాట. "యుద్ధకాలంలో మనవాళ్ల ఆకలి తీర్చిన దుకాణదారు" అని చదువుతాడట. ఆ కాగితం నాకు చూపించాడు. ఒక్క వాక్యంలో నాలుగు తప్పులు. అందులో మూడు మాత్రమే అక్షరదోషాలు.

యుద్ధంలో బియ్యం ఓడలు ఆగిపోయాయి. ఊరంతా మొక్కజొన్న పిండి, కర్రపెండలం తిన్నది. ఈ జనం తెలుగువాళ్లమని చెప్పుకోవడమే గాని తెలుగు రాదని నాకు మహా చులకన. నేను పాలకొండ బజారులో పెరిగినవాణ్ణి. అక్కడ ఏ కొట్టువాడూ బియ్యం లేవనడు. అశుభమని, నిండుకున్నాయంటాడు.

నలభై మూడులో ఒక ఉదయం చెరుకు తోటలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. జ్వరం తగ్గిన కూతురికి పథ్యం పెట్టాలంది.

"బియ్యం నిండుకున్నాయమ్మా" అన్నాను.

ఇక్కడే పుట్టిన మనిషి, నిండుగా ఉన్నాయనుకుంది. "బోన్ జ్యే!" అని ఈ దీవి భాష క్రియోల్‌లో దేవుణ్ణి తలచుకుని కొంగు పట్టింది. "రెండు గుప్పెళ్లు పెట్టు బాబూ, సాలు!"

కొట్లో ఉన్న తెలుగు పంతులు శివరాం, నేను పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ కథ ఇరవై అయిదేళ్లు చెప్పాను. నువ్వూ నవ్వావు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు నా మంచం కింద బియ్యం బస్తా ఉంది. మర్నాడు నీ బారసాల. నా మాటను నర్సమ్మ సరిగ్గానే అర్థం చేసుకుంది.

నిన్న ఆమె మళ్లీ బియ్యానికి వచ్చింది. ఈసారి నిజంగానే అయిపోయాయి. "లేవు" అన్నాను.

"నిండుకున్నాయనాల బాబూ. నువ్వే నేర్పినావు గదా!" అని నవ్వింది.

అప్పుడు బస్తా సంగతి చెప్పేశాను. ఆమె సంచి మడుచుకుంది.

"తెలుసు బాబూ. ఊరంతా మొక్కజొన్న ఉడుకుతుంటే అన్నం వాసన దాగుతాదా? పసిగుంట పండగని ఊరుకున్నాం."

శాలువా ఆమెకు కప్పమని అప్పలస్వామికి కబురు పంపాను. ఎందుకని అడిగించాడు. ఈ ఊళ్లో తెలుగు వచ్చింది ఆమె ఒక్కదానికే అన్నాను.

ఇట్లు,
నీ నాన్న
వీరాస్వామి