టేబుల్ గుడ్డల ఆవిడ

మా మేనేజరుగారికి,

ఇక్కడ నేనూ పిచ్చుకా కులాసాగానే ఉన్నాం. మీ అక్క మోకాలు కుదుటపడి, దాంతోపాటు ఆవిడ కోపమూ కాస్త తగ్గి, అక్కడ మీరంతా సుఖంగా ఉన్నారనుకుంటున్నాను. కులాసా అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను గానీ, నిజానికి ఒళ్ళు హూనమైపోయింది. బాయిలర్ వేడెక్కేదాకా కౌంటరు మీద మోచేతులు ఆనించి ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పు కౌంటరు మీదికి తోసేస్తాను.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే రెండో మాటకే నా గొంతులో తేడా పట్టేస్తావు. పైగా మీ అక్క పక్కనే కూర్చుని "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు" అని నిన్ను పొడుస్తూ ఉంటుంది. ఈసారి చెప్పాల్సింది మొత్తం చెప్పేదాకా నువ్వు మధ్యలో ఆపకూడదు. అందుకని ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మన పిచ్చుక తిండికి లోటు లేదు. పొద్దునా కోడిగుడ్డే, సాయంత్రమూ కోడిగుడ్డే. "నాన్నా, ఇంకొకటి పెట్టావంటే కూత మొదలెడతాను" అంటోంది. జడ పక్కింటి టీచరమ్మ వేస్తోంది. బాయిలర్ కారడం ఆగింది. మెకానిక్ వచ్చి వాషర్ మార్చి, "మేడం లేరా" అని అడిగి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. లాండ్రీకి వచ్చే ప్రతివాళ్ళూ అదే ప్రశ్న. నిలువెత్తు మనిషిని ఎదురుగా ఉన్నా షాపు మూసేసినట్టే మొహం పెడతారు. హోటల్ దుప్పట్లు రోజూ మూటలు మూటలు దిగుతున్నాయి. జనం ఆ హోటల్‌కి పడుకోవడానికి వెళ్తున్నారో, దుప్పట్లు మాపడానికే వెళ్తున్నారో నాకర్థం కావడం లేదు. పొద్దుటినుంచీ నిలబడితే సాయంత్రానికి మడమలు నావి కావు.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్ళ తర్వాత చదువుకుంటానని దరఖాస్తు పెడితే నీకు రెండు చోట్లా సీటొచ్చింది. మన వీధి చివరున్న చిన్న ప్రైవేటు యూనివర్సిటీ ఒకటి, రైల్లో సగం పూట పట్టే పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ ఇంకొకటి. రెండింట్లోనూ నువ్వు కోరుకున్న బిజినెస్ చదువే. ఈ వారం చివరికి ఏదో ఒకటి చెప్పేయాలి. దగ్గరదైతే నాలుగింటికల్లా ఇంట్లో ఉంటావు. దూరానిదైతే హాస్టల్లో ఉండి శనివారానికి గానీ రావు. పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన మాట నాకు కంఠతా వచ్చేసింది. "మీరు ఏదంటే అదే. ఎలాగూ మీకొక్కరికీ షాపు చేతకావడం లేదుగా, చిన్నదాంట్లోనే చేరతాలెండి." అది చదివి ముందు సంతోషించాను. ఆ సంతోషం గురించే ఈ ఉత్తరం.

మంగళవారం ఆ చిన్న యూనివర్సిటీ గెస్టు హౌసుకి ఉతికిన టేబుల్ గుడ్డలు ఇవ్వడానికి వెళ్ళాను. చోటు నిజంగా బాగుంది, లేనిపోని వంక పెట్టను. క్లాసుకి పాతికమంది. కారిడార్లో ఎదురైన పిల్లల్ని మాస్టర్లు పేరు పెట్టి పలకరిస్తున్నారు. ఒకమ్మాయి రెండ్రోజులు రాకపోతే ఎందుకు రాలేదని ఇంటికి ఫోన్ చేస్తున్నారు. డైరెక్టరుగారు స్వయంగా బయటికొచ్చి కుర్చీ వేయించారు. "మనవాళ్ళే కదా, ఫీజులో తగ్గిస్తాం, దిగులు పెట్టుకోకండి" అన్నారు. మంచి మనిషి. మనకి అంత పాత ఖాతాదారు ఇంకొకరు లేరని కూడా నీకు తెలుసు. దండం పెట్టి లేచాను.

అప్పుడన్నారు, "ఇంకో సుఖం కూడా ఉందండీ మీకు. పొద్దున క్లాసుకొచ్చేటప్పుడు టేబుల్ గుడ్డలు మీ ఆవిడే పట్టుకొచ్చేస్తుంది. మీకో తిరుగుడు తప్పుతుంది."

నేను నవ్వాను. "అదీ నిజమేనండీ" అన్నాను. ఆయన కొంచెం కూడా ఎగతాళిగా అనలేదు, నాకు మేలు చేస్తున్నానన్న సంతోషంతోనే అన్నారు. ఖాళీ సంచి చంకన పెట్టుకుని బయటికొచ్చాక గేటు దగ్గరే ఆగిపోయాను. పుస్తకాల సంచి ఒక భుజాన, గుడ్డల మూట ఇంకో చేత్తో నువ్వు ఆ గేటులోంచి వెళ్తున్నట్టు కనిపించింది. అక్కడ నిన్నెరగనివాళ్ళు లేరు. నువ్వు క్లాసులో ఎంత బాగా మాట్లాడినా, టేబుల్ గుడ్డల ఆవిడ భలే మాట్లాడిందే అనుకుంటారు. నాకు సిగ్గేసింది, నవ్వినందుకు.

మర్నాడు షాపుకి తాళం వేసి, నీకు చెప్పకుండా రైలెక్కి పెద్ద యూనివర్సిటీని చూసొచ్చాను. దూరపు కొండలు నునుపంటారు, దగ్గరికెళ్తే నునుపేం కాదు. వివరాలు చెప్పాల్సిన కిటికీ దగ్గర చాంతాడంత క్యూ. నా వంతు వచ్చేసరికి గుమాస్తా కిటికీ దించేసి భోజనానికి వెళ్ళిపోయాడు. దారి అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో వైపు చూపించారు. ఎవరూ ఆపడం లేదు కదా అని ఒక పెద్ద హాల్లోకి దూరి వెనక వరసలో కూర్చున్నాను. రెండొందలమంది ఉంటారు. ముందెక్కడో ఒకాయన మైకులో సరుకు ధర ఎలా కడతారో చెబుతున్నాడు. సగం ఫ్యాన్లు తిరగడం లేదు. నా పక్కన నీ ఈడు ఆవిడ చకచకా రాసుకుంటూ, ఆగి, "మీరూ ఈ ఏడే చేరారా?" అని అడిగింది.

"అవునండీ" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆవిడ పుస్తకం నా వైపుకి జరిపింది, చూసి రాసుకోమని. క్లాసయ్యేదాకా నేనెవరో, ఏం పని చేస్తానో ఎవరూ అడగలేదు. మన ఊళ్ళో నన్ను చూస్తే చాలు "నా చొక్కా అయిందా" అంటారు. అక్కడ మాత్రం ఆ మైకాయన చెప్పేది అర్థమైందా లేదా అన్నదొక్కటే లెక్క. నాకు సగమే అర్థమైంది. నీకైతే మొత్తం అర్థమయ్యేది, ఆయన్ని రెండు ప్రశ్నలు కూడా వేసేదానివి. తిరిగి వచ్చేటప్పుడు గేటు దొరక్క ఆ భవనాల్లో ఒకటే తిరుగుడు. అలసిపోయి ఒక మెట్టు మీద కూర్చుంటే, ఇక్కడ నువ్వు చాలా బాగుంటావనిపించింది. అనిపించినందుకు దిగులేసింది కూడా.

ఇప్పుడు నీకు చెప్పనిది చెప్తాను.

ఇంటికొచ్చేసరికి పిచ్చుక షాపు మెట్ల మీద కూర్చుని ఉంది. ఎక్కడికెళ్ళానో చెప్పాను. అప్పుడడిగింది, "నాన్నా, నీకు ఇస్త్రీ బానే వస్తోందిగా. రావడం లేదని అమ్మకి ఎందుకు రాస్తున్నావు?"

నేను షాపు తాళం తీసే పనిలో పడ్డాను.

"అమ్మకి నన్ను చెప్పమంటావా, నువ్వే చెప్తావా?" అంది. అచ్చం నీ పోలికే.

నేనే చెప్తున్నాను. మొదట్లో కాలర్లు కాల్చింది నిజం. లాయరుగారి ప్యాంటు బ్యాంకు ఆవిడ మూటలో పెట్టిందీ నిజమే. కానీ ఆ తర్వాత పని పట్టుబడింది. నువ్వు కాలరుకి వేసే రంగుదారం గుర్తులు నాకిప్పుడు నోటికొచ్చు. అట్ట పెట్టి మడత వేయడం వచ్చింది. ఇన్నాళ్ళుగా ఒక్క బట్ట మారలేదు, ఒక్కటి కాలలేదు. నీకు మాత్రం ఇవాళ ఇది కాల్చాను, రేపేం కాలుస్తానో అని రాస్తూ వచ్చాను. నీలం చొక్కా కాల్చానని రాసిన కథ పూర్తిగా నా కల్పన. నాకు చేతకాదనుకుంటే నువ్వు చిన్నదాంట్లోనే చేరతావని, సాయంత్రమయ్యేసరికి ఎదురుగా ఉంటావని నా ఆశ. నువ్వు లేని ఇల్లు నాకు నచ్చడం లేదు. అలిసిపోయానన్నది అబద్ధం కాదు, చాలా అలిసిపోయాను. చేతకాదన్నదే అబద్ధం.

అందుకని "మీరు ఏదంటే అదే" అన్న మాట వెనక్కి తీసుకో. నన్నడిగితే నాలుగింటికి ఇంటికొచ్చేదే కావాలంటాను, ఆ మాట ఇప్పుడూ అంటాను. కానీ అది నా కోరిక. నీ చదువుకి దాంతో ఏం పని? పేరు పెట్టి పిలిచే మాస్టర్లు కావాలనిపిస్తే చిన్నదాంట్లో చేరు, సంతోషిస్తాను. డైరెక్టరుగారి దగ్గర మొహం చెల్లదనో, ఇక్కడ నేను కాలర్లు కాలుస్తున్నాననో మాత్రం చేరకు. పెద్దదాంట్లో తప్పిపోతానేమోనని రాశావు. తప్పిపోతావు, నేనే తప్పిపోయాను. అడుగుతూ పోతే గేటు దొరుకుతుంది.

నిన్న డైరెక్టరుగారు కనిపించి "ఆవిడ ఎప్పుడు చేరుతున్నారు?" అని అడిగారు. ఎక్కడ చేరేదీ ఇంకా తేల్చుకోలేదన్నాను. "ఎక్కడ చేరినా మీ టేబుల్ గుడ్డలు మాత్రం నేనే తెస్తానండీ" అని కూడా అన్నాను. ఆయనకి ఆ మాటెందుకన్నానో అర్థం కాలేదు. సరేనన్నారు.

ఈ ఉత్తరంతో పాటు నీ తెల్లచొక్కా పార్సిల్ చేస్తున్నాను. ఉతికిందీ, గంజి పెట్టిందీ, ఇస్త్రీ చేసిందీ నేనే. పిచ్చుక పక్కన నిలబడి చూసింది, కావాలంటే సాక్ష్యం చెబుతుంది. విప్పి వెలుతురులో పెట్టి కాలరు చూడు, చేతి మడతలు చూడు, బొత్తాల చుట్టూ చూడు. తప్పు పట్టగలిగితే పట్టు. ఏ గేటులోంచి లోపలికి వెళ్ళాలని తేల్చుకుంటావో, ఆ మొదటి రోజు అది వేసుకుని వెళ్ళు. చేతిలో పుస్తకాలు తప్ప ఇంకేం ఉండకూడదు.

మీ అక్కకి నా నమస్కారాలు. బాయిలర్ కూత పెడుతోంది, లేవాలి.

ఇట్లు,
పని వచ్చిన
నీ మొగుడు