గుడ్డ కప్పిన పెట్టె

జూన్ 4, బుధవారం

పిడుగుకు,

అమ్మమ్మ దీవెనలు. నిన్న మధ్యాహ్నం పోయిన కరెంటు మూడు గంటల తర్వాత గానీ రాలేదు. ఆ లోపే ఆక్సిజన్ సిలిండరు ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. ఈ ఉత్తరం అందుకే. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో చెప్పిన అంకెలు గాలికి పోతాయి. కాగితం మీద ఉంటే రేపు నిన్ను నిలదీయడానికి పనికొస్తాయి.

మీ తాతయ్య ఊపిరి ఆ ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడింది, యంత్రం కరెంటు మీద. కరెంటు పోగానే నేను పరుగెత్తి, తాళంచెవితో సిలిండరు తిప్పి తెరిచి, గొట్టం అటు మార్చాలి. గొట్టం లేకుండా కదలక కూర్చుంటే పావుగంట ఓర్చుకుంటారనీ, ఆపైన తన పూచీ లేదనీ డాక్టరు చెప్పాడు. గొట్టం మంచం దగ్గర నుంచి వంటగది గుమ్మం దాకా వస్తుంది, బాల్కనీ దాకా రాదు. ఆయన గొట్టానికి కట్టుబడ్డారు, నేను ఆయనకు కట్టుబడ్డాను. ఏడో అంతస్తు కాబట్టి కరెంటుతోపాటు లిఫ్టూ పోతుంది. మెట్లు దిగగలను గానీ ఈ మోకాళ్లతో ఎక్కలేను. వేసవి మొదలైనప్పటి నుంచి నేను నేల మీద కాలు పెట్టలేదు. వీధిని కిటికీలోంచి, పైనుంచి చూస్తున్నాను. మనుషులందరికీ తలలే ఉన్నాయి, ముఖాల్లేవు.

జనరేటరు పొగ ఇంట్లో పనికిరాదు. గోడల్లో తీగలు లాగడానికి ఓనరు ఒప్పుకోడు. ఎక్కడంటే అక్కడికి జరుపుకునే బ్యాటరీ పెట్టెలు వచ్చాయట కదా. యంత్రం వెనక 350 వాట్లని ఉంది. వెయ్యి వాట్-అవర్ల పెట్టె కొంటే దాదాపు మూడు గంటలు నడవాలి. నా లెక్క సరేనా?

కంటి ఆపరేషన్ సంగతి మాత్రం అడగకు. రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ వెళ్లలేదు. ఒక పూట ఆయన్ని ఎవరి మీద వదిలి వెళ్లను? యంత్రం పని ఆయనకే అప్పజెప్పమంటావేమో. జీవితమంతా పిల్లలకు సంగీతం నేర్పిన మనిషి. బల్బు మార్చాలంటే నన్నే పిలుస్తారు. ఆయన్ని ఏ మీటా ముట్టుకోవద్దని చెప్పాను. సిలిండరు తాళంచెవి నా సంచిలోనే ఉంటుంది.

నీ మేలు కోరే
అమ్మమ్మ


జూన్ 11

ప్రియమైన అమ్మమ్మకు,

ఈ ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసి తిరిగే మనవరాలు ఉండి, మా అమ్మమ్మ లిఫ్టు ఆగి ఇంట్లో కూర్చుందంటే నవ్విపోతారు. వద్దామంటే కొత్త ఆసుపత్రిలో నాలుగు లిఫ్టులు బిగిస్తున్నాం. అవి నడిచే దాకా కదలనివ్వరు.

నీ భాగహారం తప్పు లేదు. కానీ పెట్టె కూడా కూలి తీసుకుంటుంది. లోపల దాచుకున్న కరెంటును గోడ కరెంటులా మార్చి ఇవ్వడానికి నూటికి పదిహేను దాకా అదే తినేస్తుంది. వెయ్యి పెట్టె నీకు రెండున్నర గంటలు కూడా రాదు. రెండు వేలది తీసుకో, నాలుగున్నర గంటలు ధీమాగా ఉండొచ్చు. ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. యంత్రంలో మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్క గుటకలో చాలా లాగుతుంది, పెట్టె దానికి తట్టుకోవాలి. పెట్టె ఇచ్చే కరెంటు గోడ కరెంటంత నునుపుగా కూడా ఉండాలి. చవకరకం గరుకు కరెంటు మోటారుకు పడదు.

మూడు పెట్టెల కాగితాలు జత చేశాను. కంటి సంగతి అడగవద్దన్నావు కాబట్టి అడగను. కానీ నీ ఉత్తరంలో చివరి వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నువ్వైతే నాకు ఆ దస్తూరికి గుండుసున్నా వేసేదానివి.

తాతయ్యకు ముద్దులు.
పిడుగు


జూన్ 19

పిడుగుకు,

దీవెనలు. మూడు కాగితాలూ చదివాను.

మొదటిది నిండడానికి ఏడు గంటలు పడుతుంది. ఇప్పుడు కరెంటు పొద్దున పోయి, మధ్యాహ్నం వచ్చి, సాయంత్రానికి మళ్లీ పోతోంది. ఆ మధ్యలో నిండకపోతే కుండకు చిల్లున్నట్టే. రెండోది నలభై కిలోలు, చక్రాలు లేవు. దాన్ని జరపాలంటే నన్ను జరపడానికి ఇంకొకరు కావాలి. మూడోది అన్నివిధాలా బాగుంది కానీ అంకెలు మరీ చిన్నవి.

మొన్న మీ తాతయ్య అన్నారు, "టీచరమ్మా, ఆ పెట్టెలకు నువ్వు పెట్టే పరీక్ష నాకు పెళ్లిచూపుల్లో పెట్టి ఉంటే తప్పేవాణ్ణి." పెట్టలేదు కాబట్టే ఇలా ఉందన్నాను. నవ్వబోయి దగ్గారు, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు ఈ ఇంట్లో నవ్వు కూడా ఆచితూచి నవ్వాలి.

ఆయన పడుకున్నప్పుడు యంత్రం చప్పుడు వింటూ కూర్చుంటాను. ఆ చప్పుడు ఉంటే నిద్ర పట్టదు. ఆగితే ప్రాణం పోతుంది. ఇల్లు నాదే, తలుపు గడియ నా చేతిలోనే ఉంది. అయినా బయటికి పోవడానికి లేదు.

అమ్మమ్మ


జూన్ 26

ప్రియమైన అమ్మమ్మకు,

మూడో పెట్టె అంకెలు బొటనవేలంత ఉంటాయి. షాపులో స్వయంగా చూసి వచ్చాను. చిన్నవి అంకెలు కాదు అమ్మమ్మా. నీ కళ్లకు కనపడటం లేదు.

కోపం తెచ్చుకో, ఫర్వాలేదు. ఇంకో మాట కూడా చెప్తాను. నువ్వు పెట్టెలను కాదంటున్నది వాటి లోపాల వల్ల కాదేమో. మంచి పెట్టె ఇంటికొస్తే నువ్వు బయటికి వెళ్లక తప్పదు. ఆయన్ని వదిలి ఒక్క పూట ఉండటమే నీకు భయం. సాకు లేకుండా చేయాలని మూడోదే కొని పంపేశాను. రెండు వేల వాట్-అవర్లు, చక్రాలున్నాయి, రెండు గంటల్లో నిండుతుంది, లోపలిది తొందరగా వేడెక్కి అంటుకునే రకం బ్యాటరీ కాదు.

ఒక్కటే నియమం. పెట్టెను గోడ ప్లగ్గుకు, యంత్రాన్ని పెట్టెకు తగిలించి ఎప్పుడూ అలాగే ఉంచు. కరెంటు పోయిన సంగతి యంత్రానికి తెలిసేలోపే పెట్టె అందుకుంటుంది. ఎవరూ ఏ మీటా నొక్కక్కర్లేదు.

అన్నట్టు, ఆదివారం నీ తలస్నానానికి ఇంకా ముప్పావుగంట పడుతుందా? ఊరికే అడిగాను.

పిడుగు


జూలై 6

పిడుగుకు,

పెట్టె వచ్చింది. బాగానే ఉంది. అంకెల గురించి నువ్వు రాసినదానికి జవాబు రాయను.

బండిలాగా గదిగదికీ తిప్పి చూశాను. యంత్రాన్ని దీని మీద గంటసేపు నడిపాను, తూచినట్టు నడిచింది. పరీక్ష అయ్యాక నిండుగా నింపి, తీగ తీసేసి, ఆపేసి, పాత దుప్పటి చింపి కుట్టిన గుడ్డ కప్పి గోడవారగా పెట్టాను. ఎప్పుడూ తగిలించి ఉంచితే ఏ వస్తువైనా ఊరికే అరిగిపోతుంది. కరెంటు పోయినప్పుడు గుడ్డ తీసి, మీట రెండు క్షణాలు నొక్కి పట్టుకుని, యంత్రం ప్లగ్గు ఇటు మార్చడానికి నాకు నిమిషం పట్టదు. రోజూ పొద్దున ఒకసారి చేసి చూస్తున్నాను. మీ తాతయ్య మంచం మీద నుంచి చూస్తూ తొడ మీద తాళం వేస్తుంటారు.

పదిహేనో తేదీ పొద్దున కంటి పరీక్షకు రమ్మన్నారు. ఆపరేషన్ కాదు, కొలతలకే. ఆ పూట కోత లేదని పేపర్లో వేశారు. కాబట్టి వెళ్లి రెండు గంటల్లో వచ్చేస్తాను.

అమ్మమ్మ


జూలై 10

అమ్మమ్మా,

గుడ్డ తియ్యి. తీగ తగిలించు. ఆ పెట్టె మంచి చీర కాదు బీరువాలో దాచుకోవడానికి. అరిగిపోవడానికే కొన్నాం. నువ్వు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోతే, గుడ్డ కింద నిండుగా ఉన్న పెట్టె కూడా ఖాళీ పెట్టే.

కోత లేదని పేపర్లో వేస్తే కరెంటుకు చదువు వచ్చా?

పిడుగు


జూలై 17, గురువారం

నా బంగారు పిడుగుకు,

నీ పదో తేదీ ఉత్తరం నాకు నిన్న చేరింది. మొన్న చేరినా నేను వినేదాన్ని కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళవారం పొద్దున ఆసుపత్రికి వెళ్లాను. కంట్లో మందు చుక్కలు వేశారు. వెలుతురంతా పిండి చల్లినట్టు కనిపిస్తోంది. ఆటో అతను చెయ్యిపట్టి లిఫ్టు దాకా తెచ్చాడు. తలుపు మూసుకుంది, కదిలింది, ఆగింది. దీపం ఆరిపోయింది. ఫ్యాను ఆగిపోయింది. నాలుగో అంతస్తుకూ అయిదో అంతస్తుకూ మధ్యలో ఉన్నాను.

నువ్వు ఈ పనిలో చేరినప్పటి నుంచీ నాకు చెప్పే మాట గుర్తొచ్చింది. ఆగిన లిఫ్టు పడదు, గాలి ఆడుతుంది, తలుపు లాగొద్దు. నా గురించి భయం వేయలేదు. సంచిలో చెయ్యి పెట్టాను. సిలిండరు తాళంచెవి వేళ్లకు తగిలింది. ఆయన పైన ఉన్నారు. సిలిండరు ఆయన పక్కనే ఉంది. దాన్ని తిప్పే తాళంచెవి నా దగ్గర ఉంది. పెట్టె నిండుగా, ఆపేసి, గుడ్డ కింద ఉంది. అన్నీ నేను పెట్టినచోటే పద్ధతిగా ఉన్నాయి.

డాక్టరు చెప్పిన పావుగంట గుర్తొచ్చింది. చేతి గడియారం కంటికి ఆనలేదు. ఫోన్ తెర తెల్లగా మెరిసింది తప్ప అంకె కనపడలేదు. తలుపు మీద అరచేత్తో కొట్టాను. "నేనే, ఏడో అంతస్తు టీచర్ని" అని అరిచాను. పిల్లల్ని అరిచి నిశ్శబ్దంగా కూర్చోబెట్టిన గొంతు, ఆ ఇనపపెట్టెలో నాకే తిరిగి వినిపించింది. తర్వాత అరవడం మానేసి నేల మీద కూర్చున్నాను. నేను చచ్చిపోయినా ఫర్వాలేదనిపించలేదు. అనిపించిందని రాస్తే అబద్ధం. ఆయన లేని ఇంటి తలుపు తీయాల్సి వస్తుందేమో అన్న ఒక్క భయమే మిగిలింది.

చివరికి వాచ్‌మన్ మేడ మీదికెక్కి, లిఫ్టు మోటారు చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టును నాలుగో అంతస్తుకు దించాడు. తలుపు తీసి, "ముప్పావుగంట పట్టింది మేడమ్, ఏమీ అనుకోకండి" అన్నాడు. అనుకోవడానికి ఊపిరి ఉంటే కదా. ఎక్కలేనన్న మెట్లు ఎక్కాను. ఎలా ఎక్కానో అడగకు. రెయిలింగు గుర్తుంది, మోకాళ్లు గుర్తులేవు.

గుమ్మం దగ్గరికి రాగానే యంత్రం చప్పుడు వినిపించింది. దానితోపాటు రేడియో పాట కూడా వినిపించింది. నాకు మతి పోయిందనుకున్నాను. కరెంటు లేని ఇంట్లో పాట ఎక్కడిది?

మీ తాతయ్య కుర్చీలో కూర్చున్నారు. ముక్కుకు గొట్టం ఉంది. గుడ్డ మడతపెట్టి ఒళ్లో ఉంది. యంత్రం ప్లగ్గు పెట్టెలో ఉంది. పక్కన రేడియో ప్లగ్గు, టేబుల్ ఫ్యాను ప్లగ్గు. యంత్రం తప్ప ఇంకేదీ దానికి తగిలించకూడదని నేను కాగితం రాసి అంటించాను. ఆ కాగితానికి కిందనే తగిలించారు.

"ఆలస్యం, టీచరమ్మా," అన్నారు. "బెంచీ ఎక్కాలి."

"ఎవరు చేశారిది?"

"ఇంట్లో ఇంకెవరున్నారు? ఇంకా ఎనభై శాతం ఉంది చూడు. నీకు కనపడదులే, నేను చెప్తున్నాగా."

"మీకు ఎవరు నేర్పారు?"

"నువ్వు స్నానాలగదిలో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం ఫోన్లో క్లాసు. మా పంతులమ్మ నీకంటే గట్టిది. గుడ్డ తీయడం, మీట నొక్కడం, ప్లగ్గు మార్చడం. తప్పు చేస్తే మళ్లీ మొదటి నుంచి."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. తాళంచెవి చేతిలోనే ఉండిపోయింది, అచ్చు అరచేతిలో పడింది. ఆయన దాన్ని మెల్లగా తీసుకుని తన జేబులో వేసుకున్నారు. "నన్ను కాపలా కాస్తూ నువ్వూ జైల్లో పడ్డావు," అన్నారు. నేను రేడియో కట్టేయమనలేదు.

నువ్వు నాకు తెలియకుండా చేశావు. ఇంకొకరైతే క్షమించేదాన్ని కాదు. పెట్టె గురించి నేను అన్నీ చూశాను. వాట్లు, బరువు, చక్రాలు, నిండే సమయం, అన్నీ సరిగ్గానే చూశాను. దాన్ని వాడే ఇంకో మనిషి ఇంట్లో ఉన్నారని మాత్రం లెక్కలో వేయలేదు.

ఆశీస్సులతో
అమ్మమ్మ

ఇక జరగవలసినవి:

1. పెట్టెను గోడకు, యంత్రాన్ని పెట్టెకు తగిలించి ఉంచాలి. (నిన్ననే చేశాను. గుడ్డతో మీ తాతయ్య రేడియో తుడుచుకుంటున్నారు.)

2. సిలిండరు తాళంచెవి ఆయన జేబులోనే ఉండాలి. నేను అడిగినా ఇవ్వకూడదు.

3. పెట్టె మీద రేడియోకు అనుమతి ఉంది. ఫ్యానుకు మరీ ఉక్కగా ఉంటేనే.

4. ఆదివారం క్లాసు మానవద్దు. సిలిండరు తిప్పడం కూడా నేర్పాలి. ఇకమీదట నేను కూడా కూర్చుంటాను, మాట్లాడను.

5. కంటి ఆపరేషన్ వచ్చే నెల అయిదున. నువ్వు సెలవు పెట్టవద్దు. ఆ పూట మీ తాతయ్య ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఉండగలరు.