వంద మాటల కాసెట్టు

గుడివాడ
9-6-2003

చి. శ్రీవిద్యకు ఆశీస్సులు.

విషయం: కాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించుట గురించి.

మీ ఇంట్లో కంప్యూటరు ఉందని, పాత కాసెట్లు అందులోకి ఎక్కిస్తున్నావని మీ నాన్నగారు బస్సులో కలిసినప్పుడు చెప్పారు. మా ఇన్‌స్టిట్యూట్ వంద మాటల కాసెట్టు పంపుతున్నాను. అది నువ్వెరిగినదే. చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని, నిమిషానికి వంద ఇంగ్లీషు మాటల చొప్పున ఏడు నిమిషాలు నేను చదివినది. 1984 నాటిది. నోటితో చదివితే రోజుకో వేగం వస్తుంది కాబట్టి షార్ట్‌హ్యాండు పిల్లలందరికీ పంతొమ్మిదేళ్ళుగా ఇదే ప్రమాణం. గుడివాడ వంద బయటి నూట ఇరవైతో సమానమని పరీక్షలు పెట్టేవాళ్ళే అంటారు. ఇప్పుడు టేపు అంటుకుపోతోంది. తెగిపోయేలోగా సీడీ చేసి పంపు.

ఆగస్టులో పరీక్ష. ఈసారి పంపదగ్గ పిల్ల సుగుణ ఒక్కతే. పామిడిముక్కల నుంచి రోజూ వస్తుంది. పాసైతే కోర్టులో స్టెనో పోస్టుకి పెట్టుకోవచ్చు. ఆరు నెలలుగా ఈ కాసెట్టు దగ్గరే ఆగిపోయింది.

ఇట్లు,
వెంకటసుబ్రహ్మణ్యం,
ప్రిన్సిపాల్

తా.క. ఫోను చెయ్యవద్దు. ఫోనులో మాటకి కార్బన్ కాపీ ఉండదు.


మచిలీపట్నం
16-6-2003

పూజ్యులు మాస్టారు గారికి శ్రీవిద్య నమస్కారాలు.

కాసెట్టు అందిందండీ. మీరు వద్దనకపోయినా నేను ఫోను చేసేదాన్ని కాదు. ఐదేళ్ళ క్రితం ఈ కాసెట్టు దాటలేక మానేసినదాన్ని. "నీ చెయ్యి పుస్తకం పట్టుకోవడానికి పనికొస్తుందమ్మా, పెన్సిలుకి కాదు" అని మీరన్నారు. మీకది గుర్తుండకూడదని కోరుకుంటున్నాను.

నాన్నగారి టేప్‌రికార్డరుకి వైరు తగిలించి కంప్యూటరులోకి ఎక్కించాను. టేపు ఎంతసేపు నడిస్తే దానికీ అంతసేపు పడుతుంది. మీ గొంతు గదిలో ఉన్నంతసేపూ కుర్చీ అంచున కూర్చున్నాను. సీడీ, కాసెట్టు రెండూ పంపుతున్నాను.

మీ శిష్యురాలినని రాసుకోవచ్చో లేదో తెలియక,
శ్రీవిద్య

తా.క. మీరు చదవడం మొదలుపెట్టేముందు ఒక ఆడగొంతు వినిపిస్తోంది. "కరెంటు ఇప్పట్లో రాదుగానీ, టార్చిలైటులో బ్యాటరీలు తీసి ఈ టేప్‌రికార్డరులో వేశాను, కానివ్వండి" అంటున్నారు. తర్వాత ఎవరో దగ్గారు. తీసెయ్యమంటారా?


గుడివాడ
30-6-2003

చి. శ్రీవిద్యకు ఆశీస్సులు.

విషయం: సీడీలో లోపము.
సూచిక: నీ 16వ తేదీ ఉత్తరం.

ఆ గొంతు నా భార్య సత్యవేణిది. దగ్గింది నేను. ఏదీ తీసెయ్యవద్దు. రికార్డు రికార్డే.

సీడీ వచ్చిన రోజే సుగుణ మూడు తప్పులతో వంద రాసేసింది. మర్నాడు రెండే. ఇన్‌స్టిట్యూటంతా మిఠాయి పంచింది. నాకు అనుమానం వచ్చి కాసెట్టు, సీడీ ఒకేసారి పెట్టి చూశాను. కాసెట్టు అయిపోయిన నిమిషానికి గానీ సీడీ అవలేదు. నా గొంతు కూడా జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది. అంటే నువ్వు నన్ను నెమ్మది చేశావు. కారణం రాతపూర్వకంగా తెలియజేయవలెను. కాసెట్టు తిరిగి పంపుతున్నాను.

ఇట్లు,
వెంకటసుబ్రహ్మణ్యం,
ప్రిన్సిపాల్

తా.క. సత్యవేణి మాత్రం ఆ సీడీ విని "ఇన్నాళ్ళకి మీ గొంతులా ఉంది" అంది. ఆవిడకి వినికిడి తగ్గుతున్నట్టుంది. డాక్టరుకి చూపించాలి.


మచిలీపట్నం
5-7-2003

పూజ్యులు మాస్టారు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. టేప్‌రికార్డరు కోనేరు సెంటర్లో పోతురాజు గారి రేడియో షాపుకి తీసుకెళ్ళాను. ఆయన మూత విప్పి చూపించారు. లోపల చక్రాన్ని తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి, టేపు నెమ్మదిగా నడిచిందట. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ తెలియలేదా అని అడిగారు. మా నాన్నగారు రోజూ దాని మీదే పాటలు వింటారని నేను చెప్పలేదు.

కొత్త బెల్టు వేయించి మళ్ళీ ఎక్కించాను. రెండో సీడీ పంపుతున్నాను. నన్ను నేను నమ్మలేక కాసెట్టు కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకుంటున్నాను. తప్పు నాదేనని సుగుణ గారికి చెప్పండి. కాన్వెంటులో ఒకసారి పక్కమ్మాయికి జవాబు తప్పు చెప్పాను. దానికి తొమ్మిదేళ్ళుగా సిగ్గుపడుతున్నాను. ఇది అంతకంటే పెద్దది.

క్షమించమని అడగడానికి కూడా మొహమాటపడుతూ,
శ్రీవిద్య

తా.క. బెల్టు మార్చాక నాన్నగారు తనకిష్టమైన పాట పెట్టుకుని, ఈ పాడేది ఎవరో కుర్రకుంక అని కట్టేశారు.


గుడివాడ
15-7-2003

చి. శ్రీవిద్యకు ఆశీస్సులు.

విషయం: సుగుణ పేరు ఉపసంహరణ.
సూచిక: నీ రెండో సీడీ.

ఇది సరిగ్గా ఉంది. అచ్చం కాసెట్టులాగే నడుస్తోంది. సుగుణకి మళ్ళీ డెబ్బై తప్పులు. పెన్సిలు కింద పెట్టేసి, "ఆ మొదటి సీడీ వినకుండా ఉంటే బాగుండేదండీ మాస్టారూ. నాకొచ్చేసిందనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పేశాను" అంది.

మా దగ్గర్నుంచి వెళ్ళి ఫెయిలైనవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆ పిల్లని మొదటిదాన్ని చెయ్యలేను. పేరు వెనక్కి తీసుకునే కాగితం 25న పోస్టు చేస్తాను. నిన్ను ఏమీ అనను.

ఇట్లు,
వెంకటసుబ్రహ్మణ్యం,
ప్రిన్సిపాల్

తా.క. సత్యవేణి చెవులు దివ్యంగా ఉన్నాయన్నాడు డాక్టరు. నేను పక్క గదిలో ఆయనతో గొణిగింది కూడా ఆవిడకి వినిపించిందట. ఇంకో డాక్టరుని చూడాలి.


మచిలీపట్నం
20-7-2003

పూజ్యులు మాస్టారు గారికి నమస్కారాలు.

సుగుణ గారిని ఎంతమేరకు మోసం చేశానో తెలుసుకోవాలనిపించింది. మీరు కాసెట్టులో చదివినదంతా కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క మాటా లెక్కపెట్టాను. ఏడు వందలు. గడియారం ముందు పెట్టుకుని, కంప్యూటరులో మిగిలి ఉన్న మొదటి సీడీ కాపీ విన్నాను. సరిగ్గా ఏడు నిమిషాలు. కొత్త బెల్టు మీద కాసెట్టు విన్నాను. ఆరు నిమిషాలకి నాలుగు సెకన్లు తక్కువ. అంటే నిమిషానికి నూట పద్దెనిమిది మాటలు. నా లెక్క తప్పయి ఉంటుందని నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే తప్పు వచ్చింది.

పోతురాజు గారిని అడిగాను. టార్చిలైటు బ్యాటరీల సంగతి వినగానే ఆయన నవ్వారు. నీరసపడిన బ్యాటరీల మీద రికార్డు చేస్తే టేపు మెల్లగా కదులుతుందట. తర్వాత దాన్ని కరెంటు మీద వేస్తే మాటలు పరిగెడతాయట. మా సాగిన బెల్టు వాటిని మళ్ళీ మీ అసలు వేగానికి తెచ్చింది. నేను తెలిసి చెయ్యలేదు.

మీకిలా రాయడం సిగ్గుగా ఉంది. రాయకపోవడం ఇంకా సిగ్గుగా ఉంది. పరీక్షలో వందే చదువుతారు కదండీ. 25 లోపు అందాలని దీన్ని గుడివాడ బస్సు కండక్టరు గారి చేతికిస్తున్నాను.

తలెత్తకుండా,
శ్రీవిద్య

తా.క. సత్యవేణి గారిని ఇంకో డాక్టరుకి చూపించవద్దు.


గుడివాడ
27-9-2003

చి. శ్రీవిద్యకు,

ఈసారి విషయం, సూచిక రాయడం లేదు.

నీ ఉత్తరం చూసి నేనూ లెక్కపెట్టాను. నాకూ నీ తప్పే వచ్చింది. సుగుణ పరీక్ష రాసింది. చదివే ఆయన మధ్యమధ్యలో ఆగి ఆలోచించుకుంటున్నాడని అనుకుందట. నిన్న ఫలితం వచ్చింది. పాసైంది.

రెండు నెలలు నిన్ను జవాబు లేకుండా ఉంచాను. పాత రిజిస్టర్లు తిరగేస్తున్నాను. ఆ కాసెట్టు దాటినవాళ్ళ పేర్లు గోడ మీద బోర్డులో ఉన్నాయి. దాటలేనివాళ్ళవి రిజిస్టర్లలోనే ఉన్నాయి. ముప్ఫై ఏడు మంది. ఒక్కొక్క పేరు పక్కనా నా దస్తూరీలో "పనికిరాదు" అని ఉంది. పంతొమ్మిదేళ్ళు నా పాఠం చూసుకుని గర్వపడ్డాననుకున్నాను. గర్వపడింది నీరసపు బ్యాటరీలకి.

ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తున్నాను. గూడూరులో వీరలక్ష్మి ఇప్పుడు జాకెట్లు కుడుతోంది. సంగతి చెప్పాను. మిషను ఆపింది. "అయితే అప్పట్లో నాకొచ్చినట్టేనాండీ?" అని అడిగింది. నేను తలూపాను. తన కొలతల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. కొలతలన్నీ షార్ట్‌హ్యాండులో రాసుకుంటోంది. ఒక్క గీత కూడా తప్పు లేదు.

నీ పేరు ఇరవై తొమ్మిదోది. నువ్వు చివరిసారి ఇచ్చిన కాగితం రిజిస్టర్లోనే ఉంది. వంద అని నేను పెట్టిన నూట పద్దెనిమిదికి పదిలో తొమ్మిది మాటలు సరిగ్గా పట్టుకున్నావు. నేను ఎదురుగా కూర్చుని నోటితో చదివి ఉంటే ఆ రోజే దాటేదానివి. పెన్సిలు గురించి అన్న మాట నాకు గుర్తుండకూడదని కోరుకున్నావు. గుర్తుంది. మీ బందరు రావాలని రెండుసార్లు బస్టాండు దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. మిగిలిన ఇళ్ళ గుమ్మాలు ఎక్కగలిగాను, నీది ఎక్కలేకపోయాను.

"పనికిరాదు" కొట్టేసి సంతకం పెట్టిన కాగితం, జనవరి పరీక్షకి దరఖాస్తు జతపరుస్తున్నాను.

ఇట్లు,
వెంకటసుబ్రహ్మణ్యం

తా.క. ఫోను చెయ్యి. కార్బన్ కాపీ అక్కర్లేదు. నాకు వినపడకపోయినా సత్యవేణికి వినపడుతుంది.