గీకితే తగ్గిన ధర

అక్కా, నేను క్షేమం, నా ఉద్యోగమూ క్షేమమే. షాపులో కాగితం చీటీలు తీసేసి, ధరలు చూపే చిన్న బ్యాటరీ తెరలు పెట్టారు. చీటీలు అంటించే నాకిక పనేముంటుందని బెంగపడ్డావుగా. నిన్న ఒక పెద్దావిడ, కింద పాత ధర దాచారేమోనని సబ్బుల దగ్గరి తెరను గోటితో గీకింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు గదిలో కంప్యూటర్ మీద ఆ ధర తగ్గించారు. తెర మీద అంకె మారింది. "గీకండర్రా, తగ్గుతోంది!" అని ఆవిడ కేకేసింది. జనం ఎగబడ్డారు. మేనేజరు తల పట్టుకుని, "రేపట్నుంచి వీటిని కాపలా కాయడమే నీ పని, తల్లీ" అన్నాడు. నా ఊలు దుప్పటి పంపు. బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు. అమ్మ షాపు చూడ్డానికి వస్తానందిగా, గోళ్ళు తీసి మరీ పంపు.

నీ చెల్లి