వెదురు పగిలిన శీతాకాలం

జనవరి 27
ఈ ఉదయం కిటికీ అద్దానికి లోపలివైపు మంచు కట్టింది. గోటితో గీకితే సన్నగా కీచుమంది. ఆ చప్పుడుని స్వరాల్లో రాసుకుందామనుకున్నాను, రాలేదు.

ఫిబ్రవరి పదిన, నాతో కలిసి వాయించే హగానుమ గారికి దవడ ఆపరేషన్. ఆ తర్వాత షాకుహాచి, అదే ఆయన జపాను వెదురు వేణువు, ఊదలేరని డాక్టర్ చెప్పేశాడు. ఆలోగా మా జంట సంగీతం పూర్తవ్వాలి. ఆయన వెదురు, నా వెండి ఫ్లూట్, అసానో నదిలో మంచు కరగడం. చివరి భాగం రావడం లేదు.

జనవరి 29
రాసింది ఆయనకు చూపించాను. అమ్మాయ్, ఇందులో నది ఉంది, చేపలున్నాయి, నేను ఊపిరి తీసుకునే చోటే లేదు, ముంచేద్దామనా నన్ను, అన్నారు. వాళ్ళావిడ తోమియే గారు టీ పోస్తూ, క్రైస్తవ నన్ల బళ్ళో చదివిన పిల్ల కదండీ, ఖాళీ వదిలితే పాపం తగులుతుందనుకుంటుంది, అన్నారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

జనవరి 31
ఏమీ రాయలేదు.

ఫిబ్రవరి 3
చలికి నా ఫ్లూట్ శ్రుతి దిగిపోతోంది. వాళ్ళింట్లో ఆయన కింద టీ తాగుతుంటే మేడమీది గదిలో హీటర్ పెట్టాను. వెదురు పక్కనే ఉంది, తేమ ఆరిపోకుండా తొడిగే ప్లాస్టిక్ సంచి లేకుండా. పొడి వేడి దానికి పడదని నాకు తెలుసు. తెలిసీ పెట్టాను. శ్రుతి తప్ప ఇంకేదీ తలలో లేదు.

టప్పుమంది. కింది సగం నిలువునా చీలింది. ఆయనకు గురువు చేసిచ్చిన వెదురు.

ఆయన అరిస్తే బాగుండేది. చీలిక మీద వేలు నడిపి, నాకంటే ముందే దీనికి ఆపరేషన్ వచ్చిందే, అన్నారు. తోమియే గారు నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 4, సాయంత్రం
బాగుచేయడానికి నెల పడుతుందట. ఇంకోటి తెస్తానన్నాను. కొత్తది నోటికి అలవాటయ్యేసరికి నాకు నోరుండదు, అన్నారు. చీలిక చుట్టూ దారం బిగించి ఊదారు. కింది స్వరాలు పలకవు. పైవి మూడు పలుకుతాయి. మిగతాదంతా గాలి.

దేవుణ్ణి ప్రార్థించడానికి నాకు మొహం చెల్లలేదు.

ఫిబ్రవరి 6
నా స్వరాలు కొట్టేస్తున్నాను. ఆయనకు మూడే ఉంటే నాకు అన్ని ఎందుకు? పేజీ తెల్లబడుతోంది. భయంగా ఉంది.

ఫిబ్రవరి 8
ఆయన చూసి, ఇందులో నువ్వెక్కడున్నావు అని అడిగారు. చివర ఒక్క స్వరం అన్నాను. అబ్బో, పొదుపు నేర్చుకుంది, అన్నారు తోమియే గారు. ఈసారి నా వైపు చూశారు.

ఫిబ్రవరి 9
నది గట్టున వాయించాం. ఆయన ఊపిరికీ ఊపిరికీ మధ్య నీళ్ళు వినిపించాయి. చివర నా ఒక్క స్వరం వణికింది. ఆయన వెదురు నా చేతిలో పెట్టి, ఇక నీ దగ్గరే ఉండనీ, అన్నారు.

ఫిబ్రవరి 10
ఆసుపత్రిలో తలుపు బయట కూర్చున్నాను, లోపల ఆపరేషన్ జరుగుతోంది. వెదురు నా ఒళ్ళో ఉంది. నాకు షాకుహాచి ఊదడం రాదు.