గుర్రం మేతసంచిలో బీకన్

బురుల్‌కి, ముందే చెబుతున్నా, మీ తమ్ముడు తురాత్ క్షేమం. కాలు బెణికింది, అంతే. ఈసారి నా వేళాకోళానికి నువ్వు కూడా నవ్వవు.

నిన్న స్కీయింగ్‌కి వచ్చినవాళ్ళతో కొండెక్కేముందు, మంచులో పూడుకుపోతే జాడ చెప్పే బీకన్లు అందరం సరిచూసుకున్నాం. తురాత్ వెతుకుతూ గుర్రం దగ్గరికి పోతే ఏడిపిద్దామని మిగిలిన బీకన్ ఒకటి ఆన్ చేసి గుర్రం మేతసంచిలో పడేశాను. తరవాత గాలికి పేరుకున్న మంచు విరిగి వాడి మీద పడింది. వెతికేవాళ్ళంతా సంచిలోని బీకన్ సంకేతం పట్టుకుని కింద కట్టేసిన గుర్రం వైపు పరిగెత్తారు. నేను పోయి ఆ బీకన్ ఆపాకే వాడి జాడ దొరికింది. తవ్వి తీసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

సాయంత్రం టీ తాగుతూ, "బావా, అక్కకి నేను చెప్పన్లే. గుర్రం కూడా చెప్పదు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అందుకే నేనే రాస్తున్నా.

వాడి ఉన్ని మేజోళ్ళు పంపు. మచ్చల ఆవు ఈనిందా? ఏడు రొట్టెలు నూనెలో వేయించి ఇరుగుపొరుగుకి పంచు. ఎందుకని అడిగితే తమ్ముడు బతికాడని చెప్పు. ఎవరివల్ల పోబోయాడని అడిగితే నా పేరు దాచకు. పిల్లలు చల్లగా ఉండాలి.

నీ జాకిప్