మూడో అర్జీ

ఎస్సై మేడమ్ గారికి నమస్కారాలు.

పన్నెండో తేదీన మా నాన్న కేసు కోర్టుకు వస్తోంది కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది. బడి వ్యాను తాగి నడుపుతూ మూడోసారి పట్టుబడిన డ్రైవరు కూతుర్ని నేను.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. మొదటి రెండుసార్లు "ఇకపై తాగి నడపను" అని నాన్న తరఫున అర్జీ రాసింది నేనే. సంతకం ఒక్కటే వచ్చిన నాన్న కింద సంతకం పెట్టారు. మీకు ముందున్న అధికారి అవి చదివి నాన్నను వదిలేశారు. మూడోసారి మీరు నా కాగితం నా చేతిలోనే పెట్టి, "రాత ముత్యాల్లా ఉందమ్మా. మరి వ్యానులో ఉన్న పన్నెండు మంది పిల్లల తరఫున ఎవరు రాస్తారు?" అన్నారు. ఆ రోజు మిమ్మల్ని లోలోపల తిట్టుకున్నాను. ఇప్పుడు మీ మేలు మరచిపోలేను.

వ్యాను మీ దగ్గరే ఉండటంతో నాన్న రోజూ పొద్దున నాతో బస్టాపు దాకా నడుస్తున్నారు. పక్కన నడుస్తుంటే వాసన రావడం లేదు.

నిన్న మాత్రం, "ఇదే మొదటిసారి అని రాసిపెట్టవే తల్లీ, నీ రాత చూస్తే జడ్జిగారైనా నమ్ముతారు" అని బతిమాలారు. రాయనన్నాను. "నిన్ను చదివించింది నన్ను జైల్లో వేయించడానికా?" అన్నారు.

ఆ పాత అర్జీలు రెండూ కోర్టుకు ఇవ్వండి. ఆ రాత నాదేనని చెప్పడానికి నేను రావాలో లేదో పదో తేదీలోగా తెలియజేయండి. జవాబు ఇంటికే పంపండి. మా ఇంట్లో ఉత్తరాలు చదివి వినిపించేది కూడా నేనే. నాన్నకు ఒక్క ముక్క దాచకుండా చదువుతాను.

ఇట్లు,
డ్రైవరు గారి అమ్మాయి